పికప్ ట్రక్కుతో ట్రావెల్ ట్రైలర్: బ్రోషర్‌లోని అంకెను నమ్మాలా, తలుపు దగ్గరి స్టిక్కర్‌నా?

కొత్త ప్రయాణికుడు:
మా పికప్ ట్రక్కు 4,800 కిలోల ట్రైలర్‌ను లాగగలదని కంపెనీ బ్రోషర్‌లో ఉంది. మేము కొన్న ట్రావెల్ ట్రైలర్ (బండి వెనుక లాక్కెళ్లే చక్రాల ఇల్లు) ఖాళీ బరువు 2,700 కిలోలు. సామాను సర్దిన తరువాత 3,450 కిలోలు దాటకూడదని దాని మీద రాసి ఉంది. ఈ లెక్కన వెయ్యి కిలోలకు పైగా వెసులుబాటు ఉన్నట్టే. అయితే డ్రైవరు తలుపు పక్కన అతికించిన స్టిక్కర్ మాత్రం మనుషులు, సామాను కలిపి 720 కిలోలకు మించరాదని చెబుతోంది. ఆ స్టిక్కర్ గురించి అంత పట్టింపు అక్కరలేదని ఒక మిత్రుడు అంటే, ట్రక్కునే మార్చుకోమని మరొకరు అన్నారు. నలుగురు కుటుంబ సభ్యులతో బయలుదేరే ముందు ఈ రెండు అంకెల్లో దేనిని ప్రమాణంగా తీసుకోవాలో పెద్దలు చెప్పగలరు.

తూకంరాయి:
స్టిక్కర్‌నే ప్రమాణంగా తీసుకోవాలి. ట్రైలర్ బరువులో కొంత భాగం ట్రక్కు వెనుక దాన్ని తగిలించే కొక్కెం, అంటే హిచ్, గుండు మీద కూర్చుంటుందని, ఆ భాగం ట్రక్కు మోసే సామాను కిందికే వస్తుందని చాలామంది మరచిపోతారు. ట్రావెల్ ట్రైలర్ నిలకడగా నడవాలంటే ఈ టంగ్ బరువు మొత్తం ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. మీ ట్రైలర్ సామానుతో 3,200 కిలోలు తూగిందనుకుందాం. 13 శాతం చొప్పున 416 కిలోలు హిచ్ మీద పడతాయి. హిచ్ పరికరం 40, నలుగురు మనుషులు 230, ట్రక్కు తొట్టిలో జనరేటరు, సైకిళ్లు, పనిముట్లు 120 అనుకుంటే మొత్తం 806 అవుతుంది. బ్రోషర్ ప్రకారం మీకు 1,600 కిలోల మిగులు, స్టిక్కర్ ప్రకారం 86 కిలోల అధికం. రెండూ ఒకే బండికి చెందిన అంకెలే.

ఈ తేడా ఎందుకు వస్తుందో కూడా చెప్పాలి. లాగే సామర్థ్యాన్ని నిర్ణయించడానికి వాహన ఇంజనీర్ల సంఘం ఎస్‌ఏఈ పెట్టిన జే2807 ప్రమాణంలో ట్రక్కులో ఇద్దరే మనుషులు, ఒక్కొక్కరు సుమారు 68 కిలోలు, వారితో పాటు సుమారు 32 కిలోల వరకు హిచ్ సామగ్రి ఉంటాయని లెక్క. టంగ్ బరువు 10 శాతమే. ఆ లెక్కన 4,800 కిలోలకు 480, 136, 32 కలిపి 648 అవుతుంది కనుక మీ స్టిక్కర్‌లో ఇమిడిపోతుంది. అదే ట్రైలర్‌కు 13 శాతం వేసి చూడండి, 792 వస్తుంది. అంటే ఇద్దరు సన్నని మనుషులు ఖాళీ తొట్టితో వెళ్లినా బ్రోషర్ అంకె నిలబడదు. బ్రోషర్‌లో అబద్ధం లేదు, కానీ అది మీ కుటుంబాన్ని కూర్చోబెట్టి వేసిన లెక్క కాదు.

ఇరుసు:
తూకంరాయి గారి కూడికలో తప్పు లేదు గాని, ఆయన ట్రక్కును ఒక తక్కెడ పళ్లెంలా చూస్తున్నారు. బరువు ఏ చక్రాల మీద పడుతున్నదన్నది అంతకంటే ముఖ్యం. హిచ్ గుండు వెనుక ఇరుసుకు దాదాపు 1.6 మీటర్ల వెనుక ఉంటుంది, రెండు ఇరుసుల మధ్య దూరం 3.7 మీటర్లు అనుకుందాం. అప్పుడు 416 కిలోల టంగ్ బరువు ముందు ఇరుసు నుంచి 180 కిలోలను పైకి లేపి, వెనుక ఇరుసు మీద ఏకంగా 596 కిలోలు మోపుతుంది. స్టీరింగ్ తేలికైపోవడం, హెడ్‌లైట్లు ఆకాశాన్ని చూడడం ఇందువల్లనే. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ ఉన్నది ఈ జబ్బును నయం చేయడానికే: దాని స్ప్రింగ్ బార్లు బిగిస్తే కొంత బరువు తిరిగి ముందు ఇరుసుకు, మరికొంత ట్రైలర్ ఇరుసులకు చేరుతుంది. ట్రైలర్‌కు చేరిన భాగం ట్రక్కు లెక్కలో నుంచి పోయినట్టే కదా. ఇరుసుల పరిమితులు దాటకుండా, టైర్ల పరిమితి దాటకుండా ఉన్నంతవరకు స్టిక్కర్ మీద కొద్ది కిలోలు ఎక్కువైతే బండి విరిగిపోదని నా అభిప్రాయం. నేను పదేళ్లుగా ఇలాగే లాగుతున్నాను.

తూకంరాయి:
పదేళ్లు ఏమీ కాలేదన్నది నిదర్శనం కాదు, ఇరుసు గారూ. బార్లు బరువును పంచుతాయి, నిజమే. అయినా అవి ట్రక్కుకు కంపెనీ ఇచ్చిన మొత్తం బరువు పరిమితిని పెంచవు. ఆ పరిమితిలో స్ప్రింగులూ ఇరుసులే కాక బ్రేకులు, ఫ్రేము కూడా లెక్కకు వస్తాయి. వెనుక స్ప్రింగులకు తోడుగా గాలి నింపే ఎయిర్ బ్యాగులు వేయించుకుని వెనుక భాగం సమంగా నిలిచింది కనుక సమస్య తీరిందనుకునేవారికీ ఇదే జవాబు. అవి ఎత్తును సరిచేస్తాయి, ముందు ఇరుసుకు ఒక్క కిలో కూడా తిరిగి ఇవ్వవు.

దూరపు చూపు:
నాకొక సందేహం. బ్రిటన్‌లో క్యారవాన్లకు (అక్కడ ట్రావెల్ ట్రైలర్ల పేరు) ముక్కు బరువు, అంటే మన టంగ్ బరువే, 5 నుంచి 7 శాతం ఉంటే చాలని చెబుతారు. అక్కడివారు మామూలు కార్లతోనే లాగుతున్నారు కూడా. అలాంటప్పుడు మనం కూడా టంగ్ బరువును 7 శాతానికి తగ్గించుకుంటే స్టిక్కర్ గొడవే ఉండదు కదా?

పాత స్టీరింగు:
దయచేసి ఆ పని చేయకండి. అక్కడి క్యారవాన్లు తేలికైనవి, ఇరుసు దాదాపు నడుమన ఉంటుంది, బరువైన వస్తువులను ఇరుసు దగ్గరే సర్దుతారు, ఊగుడును అణచే హిచ్‌లు వాడతారు, వేగం కూడా తక్కువ. యూరప్‌లోనే ఉన్న జర్మనీలో ట్రైలర్ లాగే కారుకు మామూలు పరిమితి గంటకు 80 కిలోమీటర్లు. ప్రత్యేక అనుమతి ఉంటేనే 100. ఆ షరతులన్నీ వదిలి శాతం ఒక్కటే అరువు తెచ్చుకోవడం కుదరదు.

నాకు జరిగినది చెబుతాను. ఒకసారి తిరుగు ప్రయాణంలో ట్రైలర్ వెనుక బంపర్ మీద నాలుగు సైకిళ్లు కట్టాను, వెనుక భాగంలో ఉన్న మురుగునీటి ట్యాంకును ఖాళీ చేయకుండా బయలుదేరాను. నీరు లీటరుకు కిలో చొప్పున తూగుతుందని తెలిసి కూడా పట్టించుకోలేదు. పల్లపు రోడ్డు మీద ఒక పెద్ద లారీ పక్కనుంచి దూసుకుపోగానే ట్రైలర్ ఊగడం మొదలుపెట్టింది. భయంతో బ్రేకు తొక్కాను, ఊగుడు ఇంకా పెరిగింది. ట్రక్కు నెమ్మదించినా ట్రైలర్ వెనుక నుంచి నెడుతూనే ఉంటుంది కనుక అలా జరుగుతుందని తరువాత తెలిసింది. చివరికి స్టీరింగును తిప్పకుండా పట్టుకుని, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి, ట్రక్కులో డ్రైవరు దగ్గరుండే బ్రేక్ కంట్రోలర్ మీటను చేత్తో నొక్కి ట్రైలర్ బ్రేకులను మాత్రమే పట్టించాను. అప్పుడు రెండూ ఒక వరుసలోకి వచ్చాయి. ఇంటికి వచ్చి తూచితే టంగ్ బరువు 8 శాతం కూడా లేదు.

ఎద్దులబండి తోలినవారికి ఇది కొత్త కాదు. బరువు వెనక్కి పోతే కాడి పైకి లేస్తుంది. ట్రైలర్‌లో తేడా ఏమిటంటే నిదానంగా వెళుతున్నప్పుడు ఆ దోషం బయటపడదు. ప్రతి ట్రక్కు, ట్రైలర్ జోడీకి ఒక వేగం ఉంటుంది. దాని కింద ఊగుడు దానంతట అదే చల్లారుతుంది, దాని పైన ప్రతి ఊపూ ముందటి దానికంటే పెద్దదవుతుంది. వెనుక బరువు పెరిగేకొద్దీ ఆ వేగం కిందికి దిగుతుంది. అందుచేత స్టిక్కర్‌కు సరిపెట్టడం కోసం టంగ్ బరువును తగ్గించడమంటే కాగితం మీద నెగ్గి రోడ్డు మీద ఓడడమే.

ఇరుసు:
పాత స్టీరింగు గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. బార్ల విషయంలో నా వైపు నుంచి ఒక హెచ్చరిక కూడా చేర్చాలి: ముందు ఇరుసుకు పోయిన బరువంతా తిరిగి రావాలని అతిగా బిగించకండి. వెనుక చక్రాలు తేలికై మలుపులో జారే ప్రమాదం ఉన్నందున, పోయిన దానిలో సగం తిరిగి వస్తే చాలని ఇప్పుడు కొన్ని ట్రక్కుల మాన్యువళ్లు చెబుతున్నాయి. ముందు చక్రం పైనున్న అంచు ఎత్తు ట్రైలర్ లేనప్పుడు 98 సెంటీమీటర్లు, తగిలించాక 101 అయితే, బార్లు బిగించిన తరువాత 99.5 దగ్గర ఆపాలి. మీ మాన్యువల్ వేరే మాట చెబితే అదే పాటించండి. ఇక అంచనాలతో వాదించుకోవడం కంటే కొత్త ప్రయాణికుడు గారు వేబ్రిడ్జికి వెళ్లి మూడుసార్లు తూయించడం మేలు: ట్రక్కు ఒక్కటే, బార్లు లేకుండా ట్రైలర్‌తో, బార్లు బిగించి ట్రైలర్‌తో.

కొత్త ప్రయాణికుడు:
తూయించి వచ్చాను. కుటుంబం, తొట్టిలోని సామాను, హిచ్‌తో ట్రక్కు ఒక్కటే ముందు ఇరుసు 1,490, వెనుక 1,400. ట్రైలర్ తగిలించి బార్లు లేకుండా ముందు 1,300, వెనుక 2,030, ట్రైలర్ ఇరుసులు 2,800. బార్లు బిగించాక ముందు 1,415, వెనుక 1,855, ట్రైలర్ 2,860. టంగ్ బరువు 440 అన్నమాట, అంటే 3,240 కిలోల ట్రైలర్‌లో 13.6 శాతం. నా వెనుక ఇరుసు పరిమితి 1,900. ట్రక్కు మొత్తం పరిమితి 3,200.

ఇరుసు:
చూశారా, బార్లు లేకుండా వెనుక ఇరుసు 130 కిలోలు ఎక్కువ. బార్లతో 45 కిలోలు తక్కువ. ముందు ఇరుసు నుంచి పోయిన 190లో 115 తిరిగి వచ్చింది. ఇరుసుల వరకు మీ బండి క్షేమం.

తూకంరాయి:
మొత్తం మాత్రం 3,270. ట్రైలర్‌కు 60 కిలోలు అప్పగించిన తరువాత కూడా పరిమితికి 70 ఎక్కువే. నేను ఆ అంకెను దాటి బయలుదేరను, మీకూ అదే సలహా ఇస్తాను.

కొత్త ప్రయాణికుడు:
ట్రక్కును మార్చే స్తోమత ఇప్పుడు లేదు. జనరేటరు, పనిముట్ల పెట్టె కలిపి 90 కిలోలు తొట్టిలో నుంచి దించేశాను. జనరేటరును ట్రైలర్‌లో వెనుక పెట్టాలనిపించింది గాని, పాత స్టీరింగు గారి సైకిళ్లు గుర్తుకొచ్చి ఇంట్లోనే వదిలేస్తున్నాను. వచ్చేవారం మళ్లీ కాటా మీదికి వెళతాను, బ్రేక్ కంట్రోలర్ మీటను చేత్తో నొక్కడం కూడా ఖాళీ మైదానంలో ఒకటి రెండుసార్లు అలవాటు చేసుకుంటాను.