నవ్విస్తూనే వణికించే ఆట: షాడోస్ ఆఫ్ ద డ్యామ్డ్ ఆడినవాళ్లు మీ అనుభవాలు చెప్పండి

పటమట_ప్యాడ్

హారర్ షూటర్లు ఆడేవాళ్లు మనలో బోలెడుమంది ఉన్నారు. నవ్వించే హారర్ షూటర్ గురించి మాత్రం తెలుగులో ఎవరూ పెద్దగా మాట్లాడగా చూడలేదు. అందుకే మొదలుపెడుతున్నా.

షాడోస్ ఆఫ్ ద డ్యామ్డ్ అనే ఈ వీడియో గేమ్ 2011 జూన్‌లో పీఎస్3, ఎక్స్‌బాక్స్ 360 అనే గేమ్ కన్సోళ్ల మీద వచ్చింది. అప్పుడు పీసీకి రాలేదు. బెజవాడలో ఆ కన్సోళ్లు ఉన్న ఇళ్లు ఆ రోజుల్లో తక్కువ కాబట్టి మా బ్యాచ్‌లో ఎవరికీ దీని పేరే తెలీదు. 2024 అక్టోబరు 31న 'హెల్లా రీమాస్టర్డ్' పేరుతో పీసీకి, ఇప్పటి కన్సోళ్లకి తెచ్చారు. నేను అప్పుడే ఆడాను.

తెలియనివాళ్ల కోసం కథ: గార్సియా హాట్‌స్పర్ దెయ్యాల్ని వేటాడేవాడు. ఫ్లెమింగ్ అనే రాక్షస రాజు అతని ప్రియురాలు పౌలాని ఎత్తుకుపోతాడు. ఆమె కోసం గార్సియా ఆ రాక్షస లోకంలోకి దిగుతాడు. తోడుగా జాన్సన్ అని ఒక పుర్రె. దివిటీ అదే, తుపాకి అదే, బండి కూడా అదే! దాని నోరు మాత్రం మూతపడదు.

ఇన్ని బూతు జోకులున్న ఆటలో నాకు అంత భయం ఎందుకు వేసింది? మీకూ వేసిందా?

బ్రాడీపేట_రాత్రిబండి

వేసింది బ్రో. చీకటి వల్ల. జోకులు ఎన్ని వేసినా ఆ చీకటి మీద ఒక్క జోకు కూడా పడదు.

కృష్ణలంక_77

పైన బ్రో ఒక్క ముక్కలో తేల్చేశాడు గాని, అసలు విషయం అక్కడే ఉంది కాబట్టి వివరంగా రాస్తాను.

మామూలు హారర్ ఆటల్లో చీకటి అంటే కనపడకపోవడం, అంతే. ఇందులో చీకటి ఒక పదార్థం లాంటిది. వీధి మీదికి వచ్చి పడుతుంది, తెరంతా నీలంగా మారిపోతుంది. కొద్దిసేపు ఏమీ కాదు. ఆ తర్వాత గార్సియా ప్రాణం కరగడం మొదలు. దాన్నుంచి బయటపడాలంటే ఎక్కడో గోడకి తగిలించిన మేక తలకాయని వెతికి పట్టుకుని లైట్ షాట్ (తూటా బదులు వెలుగు పేల్చడం) కొట్టాలి. అది వెలగ్గానే చీకటి విడిపోతుంది. శత్రువులు కూడా ఒంటి నిండా చీకటి కప్పుకుని వస్తారు. ముందు వెలుగుతో దాన్ని ఒలిచేయాలి, తర్వాతే తూటాలు పనిచేస్తాయి. తూటాలంటే ఇక్కడ ఎముకలు. ఒక తుపాకి ఎముకలు పేలుస్తుంది, ఇంకోటి పుర్రెలు, మూడోది పళ్లు.

ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. నాకు బాగా నచ్చింది దీని తర్వాతి మెలిక. దారి తెరవడానికి కొట్టాల్సినవి కొన్ని చీకట్లో ఉన్నప్పుడే కనిపిస్తాయి. వెలుగులో నిలబడితే అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. అంటే ప్రాణం తీసే చోటికి మన కాళ్లతో మనమే వెళ్లాలి, లోపల నిలబడి గురిపెట్టాలి, ప్రాణం పోయేలోపు బయటికి పరుగెత్తాలి. భయపడి పారిపోయే ఆట కాదిది, భయంలోకి పని మీద వెళ్లొచ్చే ఆట. ఆ పనిలో ఉండగా జాన్సన్ గాడు పక్కనుంచి ఏదో ఒక కూత కూస్తాడు, మనం నవ్వుతాం, నవ్వేసరికి గురి చెదురుతుంది.

పటమట_ప్యాడ్

@కృష్ణలంక_77 అవునన్నా, ఆ గురి చెదరడం నాకూ జరిగింది. అలన్ వేక్ అనే ఆటలో (2010) కూడా టార్చితో చీకటి ఒలిచి కాల్చడమే కదా. దానికీ దీనికీ తేడా ఏంటంటారు?

కృష్ణలంక_77

అందులో వెలుగు ఎప్పుడూ మన పక్షమే. చీకట్లోకి మనమే వెళ్లి తీరాల్సిన అవసరం ఇక్కడ ఉన్నంతగా అందులో లేదు. నవ్వు సంగతి సరేసరి.

అమరావతిరోడ్డు_తెలుగు

నేను ఆటలు బాగా ఆడేదాన్నేమీ కాదు. గుంటూరులో తెలుగు పాఠాలు చెబుతాను. మా అబ్బాయి ఇంజినీరింగ్ సెలవులకి వచ్చినప్పుడు పక్కన కూర్చుని ఈ ఆట మొత్తం చూశాను. ఇక్కడ ఒక మాట చెప్పాలనిపించింది.

నా చిన్నప్పుడు మా ఊళ్లో తోలుబొమ్మలాట ఆడేవాళ్లు. లక్ష్మణ మూర్ఛ నడుస్తుంటుంది, జనం కళ్లు తుడుచుకుంటూ ఉంటారు, ఉన్నట్టుండి కేతిగాడు తెర మీదికి దూకేవాడు. వెనకే బంగారక్క. ఇద్దరూ పచ్చిగా తిట్టుకునేవాళ్లు, సరసాలాడుకునేవాళ్లు. పెద్దవాళ్లు ఉన్నారన్న మొహమాటం ఎవరికీ ఉండేది కాదు, మా అమ్మమ్మతో సహా అందరూ పడీపడీ నవ్వేవాళ్లు. వాళ్లు తప్పుకోగానే నిలువెత్తు రావణుడి బొమ్మ దీపం వెలుగులో ఊగుతూ వచ్చేది. నవ్వి నవ్వి ఒళ్లు వదులై ఉంటామేమో, ఆ బొమ్మ గుండెల్లోకి నేరుగా దిగేది. కథ మొదటినుంచీ బిగుసుకుని కూర్చుంటే అంత భయం ఉండేది కాదు.

జాన్సన్ పుర్రె చేస్తున్నది ఆ కేతిగాడి పనే. అందుకే మధ్యలో ఒక భాగం వచ్చినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. ఆట మొత్తం గార్సియా భుజం వెనకనుంచి చూస్తాం కదా, అక్కడ మాత్రం అంతా కాగితపు బొమ్మల్లా మారిపోయి, గార్సియా పక్కవాటుగా ఎగురుతూ కాలుస్తూ పోతాడు. జపాన్‌లో కూర్చుని తీసినవాళ్లకి మన బొమ్మలాట తెలిసి ఉండాల్సిన పనిలేదు. కానీ నవ్వునీ భయాన్నీ ఒకే తెర మీద ఆడించాలనుకున్నవాళ్లు ఇలాంటి బొమ్మల దగ్గరికే వచ్చారు చూడండి, అది నాకు చాలా సంతోషం వేసింది.

నాట్యశాస్త్రంలో భయానకం బీభత్సం నుంచి పుడుతుందంటాడు భరతుడు. హాస్యాన్నేమో శృంగారం నుంచి పుట్టించాడు. ఈ ఆటలో ఆ నాలుగు రసాలూ ఒకే గిన్నెలో ఉన్నాయి.

కొండగుహ

మేడమ్‌గారూ, మీ పోస్టు చాలా బాగుంది, కానీ ఒక విషయంలో విభేదిస్తాను. బొమ్మలాటలో బంగారక్క ఎదురు తిడుతుంది. కేతిగాడికి రెండాకులు ఎక్కువే చదివింది. పౌలాకి ఆ అవకాశం ఎక్కడుంది? గార్సియా కళ్లముందు ఆమె మళ్లీ మళ్లీ చస్తూనే ఉంటుంది, అదే ఆటకి సరుకు. తుపాకుల పేర్ల దగ్గర్నుంచీ అన్నీ మగపిల్లల హాస్టల్ జోకులే. నేను హారర్ ఆటలు ఇష్టంగా ఆడతాను, రక్తం చూసి జడుసుకోను. పౌలా విషయంలో మాత్రం సగం నుంచి నాకు నవ్వు రావడం మానేసింది.

బ్రాడీపేట_రాత్రిబండి

@కొండగుహ మీరన్నది నిజం అక్కా. నేను ఇంతకుముందు ఆ కోణంలో ఆలోచించలేదు. ఒకటి మాత్రం చెప్తా. పౌలా రాక్షసిలా మారి వెంటపడే చోట్లున్నాయి చూడండి, ఆట మొత్తంలో నన్ను ఎక్కువ భయపెట్టింది అవే. దొరికితే ఒక్క దెబ్బకి అవుట్. కాల్చి గెలిచేదేమీ లేదు, పరుగే. ఎవరికోసమైతే వచ్చామో ఆవిడే చంపడానికి వస్తుంటే కాళ్లు ఆడవు.

కొండగుహ

ఆ పరుగులు నాకూ నచ్చాయి తమ్ముడూ. ఆట మొత్తం ఆమెని అంత బలంగా చూపించి ఉంటే నా ఫిర్యాదే ఉండేది కాదు.

పాత_మెమరీకార్డు

నాది మీ అందరికంటే ముందు తరం. గవర్నర్‌పేటలో ఒక ప్లేస్టేషన్ షాపు ఉండేది, గంటల లెక్కన ఆడించేవాళ్లు. పీఎస్2కి రెసిడెంట్ ఈవిల్ 4 అనే హారర్ ఆట వచ్చింది 2005 చివర్లో. అది ఆడేవాడు ఒకడైతే వెనక నిలబడి చూసేవాళ్లు పదిమంది. ఊళ్లోకి వెళ్లగానే తలకి గోనె తొడుక్కున్నవాడు చైన్‌సా పట్టుకుని వస్తాడు. షాపంతా కేకలే. ఎలాగోలా తట్టుకుని నిలబడితే చర్చి గంట మోగుతుంది, చంపడానికి వచ్చిన జనమంతా ఆయుధాలు పారేసి అటు నడుచుకుంటూ వెళ్లిపోతారు. వెనకనుంచి ఆ ఆట హీరో లియోన్ ఒక జోకు వేస్తాడు. అప్పుడు నవ్విన నవ్వు నాకింకా గుర్తుంది. భయం తీరిపోయి నవ్వడం వేరు, భయం ఇంకా ఒంట్లో ఉండగానే నవ్వడం వేరు. ఇది రెండోది.

ఈ రెండు ఆటలకీ చుట్టరికం ఉంది. రెసిడెంట్ ఈవిల్ 4 డైరెక్టర్ షింజీ మికామీ, ఈ షాడోస్‌కి నిర్మాత. కథ, పైత్యం గోయిచీ సుడా అలియాస్ సుడా51ది. డైరెక్టర్ మాసిమో గ్వారినీ. సంగీతం అకీరా యమావోకా, సైలెంట్ హిల్ (1999) అనే హారర్ ఆటకి పాటలు కట్టినవాడు. మికామీ, సుడా, యమావోకా ముగ్గురూ ఒక గొడుగు కిందికి రావడమే పెద్ద విశేషం. తుపాకి ఎత్తగానే కెమెరా భుజం మీదికి జరిగే పద్ధతిని జనంలోకి తీసుకెళ్లింది మికామీయే. ఆ కెమెరా చేసే మోసం గమనించండి. తెరలో ఒక పక్క మన హీరో వీపే అడ్డం ఉంటుంది. ఆ పక్కనుంచి వచ్చేది కనపడదు, వినపడుతుంది. పాత లియోన్ గురిపెడితే కదల్లేడు, అందుకే అక్కడ ప్రతి గుండూ ఒక నిర్ణయం. గార్సియా గురిపెట్టి నడవగలడు. కాళ్లకి స్వేచ్ఛ ఇచ్చేశారు కాబట్టే ఆ చీకటిని పెట్టి బిగించారని నా అభిప్రాయం. అది లేకపోతే ఇది ఉత్త షూటింగ్ ఆట అయిపోయేది.

మొదట సుడా అనుకున్నది వేరే ఆట. 'కురాయామి' అని పేరు, రచయిత కాఫ్కా ప్రభావం, తుపాకుల గోల లేకుండా చీకటీ వెలుగూ ప్రధానంగా. పబ్లిషర్ ఈఏతో పని మొదలయ్యాక కథ పదేపదే మార్చి రాయాల్సి వచ్చిందని ఆయనే తర్వాత చెప్పాడు. తుపాకులు వచ్చాయి, జోకులు వచ్చాయి, చీకటి మాత్రం మిగిలింది. విడుదలైనప్పుడు సరిగా అమ్ముడుపోలేదు, అది నాకు ఇప్పటికీ బాధే.

పటమట_ప్యాడ్

సుడా వాళ్ల తర్వాతి ఆట లాలీపాప్ చైన్‌సాలో (2012) కూడా మాట్లాడే తలకాయే కదన్నా! హీరోయిన్ నడుముకి ప్రియుడి తల వేలాడుతూ ఉంటుంది. ఆయనకి తలలంటే ఏదో పిచ్చి ఉంది.

బ్రాడీపేట_రాత్రిబండి

చిన్నచిన్న సంగతులు కూడా చెప్పుకోండి. తలుపులకి పసిపాప ముఖాలుంటాయి, ఒకటి స్ట్రాబెర్రీ అడుగుతుంది, ఒకటి మెదడు అడుగుతుంది, ఇంకోటి కనుగుడ్డు. నోట్లో పెడితేనే తెరుచుకుంటుంది. మొదటిసారి నవ్వొస్తుంది, రాత్రి ఒంటిగంటకి ఒక్కడినే ఆడుతూ ఆ ఏడుపు వింటే నవ్వు రాదు.

అమరావతిరోడ్డు_తెలుగు

ఆ ఏడుపుకి పక్కగదిలోంచి మా వారు లేచి వచ్చారు, ఎవరి పిల్లాడు అంటూ.

బందరురోడ్డు_కొత్తోడు

ఇదంతా చదివాక ఈ వారం కొందామనుకుంటున్నా. హారర్ పెద్దగా అలవాటు లేదు. ఎంతసేపు పడుతుంది? మా తమ్ముడు ఎనిమిదో తరగతి, వాడితో కలిసి ఆడొచ్చా? మా ఏరియాలో సాయంత్రం కరెంటు పోతుంది, సేవ్ ఎలా?

పాత_మెమరీకార్డు

తమ్ముడితో వద్దు బాబూ. ఆటకి ఎం రేటింగ్ ఉంది, అంటే పదిహేడు దాటినవాళ్లకి. రక్తం సంగతి అటుంచి, ఆ మాటలు వాడి చెవిన పడకూడదు. ఇందులో ప్రాణం పెంచేది కూడా మందే: సాకే, టెకీలా, ఆబ్సింత్. వాడు పడుకున్నాక, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడు. యమావోకా సంగీతం ల్యాప్‌టాప్ స్పీకర్లలో సగం పోతుంది.

ఎనిమిది నుంచి పది గంటల్లో అయిపోతుంది. రీమాస్టర్‌లో న్యూ గేమ్ ప్లస్ (ఒకసారి ముగించాక సంపాదించినవాటితో మళ్లీ మొదటినుంచి ఆడటం) కూడా ఉంది, మొదటిసారి ఈజీలో ఆడినా నష్టం లేదు.

కృష్ణలంక_77

సేవ్ చెక్‌పాయింట్ల దగ్గరే. ఒంటికన్ను ఎగిరే జీవి ఒకటి రెట్ట వేస్తుంది, అది మెరుస్తూ కనపడితే సేవ్ అయినట్టు. దాన్ని చూశాకే ఆపు. ఎర్ర మణులు దొరికితే ముందు లైట్ షాట్‌ని చూసుకో, తుపాకుల పవర్ తర్వాత పెంచుకోవచ్చు. తెల్ల మణులు దాచి క్రిస్టఫర్ దుకాణంలో ఖర్చుపెట్టు.

కొండగుహ

పౌలా వెంటపడే చోట వెనక్కి తిరిగి చూడకు. ఆడాక పౌలా గురించి నీకేమనిపించిందో ఇక్కడ తప్పకుండా రాయి, కొత్తగా ఆడినవాళ్ల మాట వినాలని ఉంది.

బందరురోడ్డు_కొత్తోడు

సరే అక్కా. శనివారం రాత్రి మొదలుపెడతా.