రోసా రోరాన్స్: చుక్క రాల్చే చుక్క

ప్రశ్న: స్వీడన్ దేశపు పునీతురాలు బిర్గిత్తాపై 14వ శతాబ్దంలో లాటిన్‌లో కట్టిన ఈ చరణానికి అర్థం, నడక వివరించగలరా? మూడవ పాదంలోని ‘వాస్ గ్రాత్సియే’ను ‘కృపాపాత్ర’ అనడం సబబేనా?

రోసా రోరాన్స్ బొనితాతెమ్,
స్తెల్లా స్తిల్లాన్స్ క్లారితాతెమ్,
బిర్గిత్తా, వాస్ గ్రాత్సియే,
రోరా చేలి పియెతాతెమ్,
స్తిల్లా వితే పురితాతెమ్
ఇన్ వాల్లెమ్ మిసేరియే.

సమాధానం: ఇది స్వీడన్‌లోని లిన్‌షోపింగ్ బిషప్పు నికొలాస్ హెర్మన్ని రచన. ఆయన బిర్గిత్తా పిల్లలకు చదువు చెప్పినవాడు కనుక, పాడింది తాను ఎరిగిన మనిషినే. ఆమె 1373లో రోములో మరణించింది. 1391 అక్టోబరులో పోపు ఆమెను పునీతురాలిగా ప్రకటించేనాటికి ఈ కవి కన్నుమూసి కొన్ని నెలలయింది. పండుగనాటి ప్రార్థనల్లో పాడే గీతాలన్నిటినీ ఇలా ప్రాసబద్ధంగా కూర్చడం అప్పటి ఆనవాయితీ. ఉప్సాలా ఆర్చిబిషప్పు బిర్యెర్ గ్రెగెర్‌సన్ కూడా ఆమెపై మరొక గీతమాల కట్టాడు.

భావం ఇది: మంచితనాన్ని మంచులా కురిసే గులాబీ, వెలుగును బొట్లుబొట్లుగా రాల్చే నక్షత్రమా, కృపాపాత్రమైన బిర్గిత్తా, ఆకాశపు కరుణను కురియుము, బ్రతుకులోని నిర్మలత్వాన్ని ఈ దుఃఖపు లోయలోనికి చిందింపుము.

‘కృపాపాత్ర’ సబబే కాదు, ఇంతకన్న మంచి మాట దొరకదు. ‘వాస్’ అంటే గిన్నె, కలశం. మన ‘పాత్ర’కు గిన్నె అనే అర్థమూ, తగినది అనే అర్థమూ రెండూ ఉన్నాయి కనుక, కృపను నింపుకున్నదీ కృపకు తగినదీ ఒక్క సమాసంలో ఇమిడిపోతాయి.

రెండవ పాదం మరింత రుచికరమైనది. లాటిన్‌లో ‘స్తెల్లా’ నక్షత్రం, ‘స్తిల్లా’ బొట్టు. మరియమాత పేరుకు, బైబిలును లాటిన్‌లోకి అనువదించిన జెరోమ్ ‘సముద్రపు బొట్టు’ అని చెప్పిన వ్యుత్పత్తి, లేఖకుల చేతుల్లో ‘ఇ’ అనే అచ్చు ‘ఎ’గా మారి ‘సముద్రపు నక్షత్రం’ అయిందని పండితులు అంటారు. నికొలాస్ ఆ రెండు మాటలనూ పక్కపక్కనే నిలిపాడు. ఇది కాకతాళీయమని నేను అనుకోను. తెలుగులో ఈ రెంటికీ ‘చుక్క’ ఒక్కటే మాట కావడం మన అదృష్టం: ‘వెలుగు చుక్కలు రాల్చే చుక్క’ అంటే చాలు.

నాల్గవ పాదంలోని ‘రోరా చేలి’ వినగానే దీన్ని పాడే నాటి సన్యాసినులకు బైబిల్లోని యెషయా 45:8 నుంచి వచ్చిన ‘రొరాతే చేలి’ అనే ఆగమనకాలపు (క్రిస్మస్‌కు ముందరి వారాల) గీతం తప్పక తోచి ఉంటుంది. అక్కడ కురియుమని వేడుకున్నది ఆకాశాన్ని, ఇక్కడ వేడుకున్నది ఒక స్త్రీని. సాహసమైన మార్పే.

అనుబంధ ప్రశ్న: ఇందులో గురులఘువుల లెక్క ఉందా? ప్రాస మన ప్రాస వంటిదేనా?

సమాధానం: గురులఘువులు లేవు. అక్షరాల సంఖ్య, ఊనిక (మాటలో ఒక అక్షరాన్ని ఒత్తి పలకడం), అంత్యప్రాస, ఇవే దీని ఛందస్సు. పాదాలు 8, 8, 7 అక్షరాల చొప్పున రెండు మార్లు వస్తాయి. శిలువ చెంత మరియమాత దుఃఖాన్ని పాడే లాటిన్ గీతం ‘స్తాబాత్ మాతెర్’ నడక కూడా ఇదే. మన ప్రాస పాదంలోని రెండవ అక్షరానిది, ఇక్కడిది పాదాంతానిది. రోసా-రోరాన్స్, స్తెల్లా-స్తిల్లాన్స్ జంటలు అనుప్రాసలు. మొదటి రెండు పాదాల్లో విశేషణాలుగా ఉన్న క్రియలే నాలుగు, అయిదు పాదాల్లో ‘రోరా’, ‘స్తిల్లా’ అని విధ్యర్థకాలవుతాయి. అంటే పొగడ్తగా పలికిన మాటలనే కవి వేడుకోలుగా తిప్పుతున్నాడు.

ఒక్క చోట మాత్రం నడక మారుతుంది. ఎనిమిదక్షరాల పాదాల్లో ఊనిక మొదటి అక్షరంపైనే పడి తూగుతూ సాగుతుంది. కాని ‘బిర్గిత్తా’లో ఊనిక రెండవ అక్షరానిది కనుక, ఆ పేరు రాగానే తూగు తప్పి 2, 5 అక్షరాలపైకి జరుగుతుంది. దానిని కవి దోషంగా వదిలిపెట్టక, ‘ఇన్ వాల్లెమ్ మిసేరియే’లోనూ సరిగ్గా 2, 5 అక్షరాలపైనే ఊనిక నిలిపాడు. ఆరవ పాదాన్ని మూడవ పాదంతో కలిపి పైకి చదివితే ఇది చెవికి తెలుస్తుంది.