డీటీపీలో ‘డి’ ఎక్కడిది?

పాత తెలుగు పుస్తకం తెరిస్తే ముద్రణ వివరాల పేజీలో ‘డి.టి.పి.:’ అని ఒక వరుస, పక్కన పేరు. డెస్క్‌టాప్ పబ్లిషింగ్, అంటే బల్ల మీది కంప్యూటర్లో పుస్తకం పేజీలు సిద్ధం చేయడం. పొడి అక్షరాలనే మనం మాట చేసేసుకున్నాం, అందులో డెస్క్ ఉందని ఎవరికీ పట్టదు.

నాకు అది తట్టింది పాత టైప్‌సెట్టింగ్ (అచ్చుకి అక్షరాలు అమర్చే) కంప్యూటర్ల ప్రకటనలు చూస్తుంటే. అమెరికాలో కంప్యుగ్రాఫిక్ అనే కంపెనీ 1977లో ఎడిట్‌రైటర్ 7500 తెచ్చింది. ఎంత ముద్దుగా ఉంటుందో! తెర, వరుసలకొద్దీ మీటలు, లోపల గిర్రున తిరిగే డ్రమ్ము, దానికి చుట్టిన ఫిల్మ్ మీద అక్షరాలు, ఒక్కో అక్షరం ఎదురుగా రాగానే లైటు తళుక్కుమని ఫోటో కాగితం మీద పడుతుంది. తెర మీద మాత్రం ఏ అక్షరమైనా ఒకటే రూపు, పేజీ ఎలా వచ్చిందో కాగితం కడిగాకే తెలిసేది (ఆ టెన్షన్ సంగతి ప్రకటనలో ఉండదు లెండి). అసలు విషయం, అక్కడ యంత్రమే బల్ల. ఆపరేటరు వచ్చి దాని ముందు కూర్చోవాలి.

1985లో ఆపిల్ వాళ్ల ప్రింటర్ లేజర్‌రైటర్, ఆల్డస్ కంపెనీ వాళ్ల పేజీలు సిద్ధం చేసే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ వచ్చాక ఇది తిరగబడింది. ప్రింటర్ ధర 6,995 డాలర్లు, చవకేం కాదు, కానీ యంత్రం మీ బల్ల మీదికే వస్తుంది. ‘డెస్క్‌టాప్ పబ్లిషింగ్’ అనే మాటను ప్రచారంలోకి తెచ్చింది ఆల్డస్ స్థాపించిన పాల్ బ్రైనెర్డ్. అంటే మనం పుస్తకాల్లో వేసుకుంటున్నది ఒక అమ్మకపు మాట!

పోనీ డీటీపీని తెలుగులో ‘కూర్పు’ అందామంటే చిక్కు. ‘రెండో కూర్పు’ అంటే మళ్లీ అచ్చయిందని, ‘కూర్పు: ఫలానా’ అంటే సంకలనం చేసినవారని. నేనిలా అంటుంటే ఒకరు అడ్డు తగిలారు.

— ‘పేర్పు’ అంటే పోలా? అక్షరాలు పేర్చడం అనే మాట ఉండనే ఉంది కదండీ.

— అది సీసం అక్షరాలకి చెల్లుతుందండీ, చేత్తో ఒక్కోటి తీసి పేర్చేవాళ్లు. ఎడిట్‌రైటర్‌లో పేర్చడానికి ఏముంది, వెలుగే కదా.

— మరి మీరు రోజూ అనే ‘కంపోజింగ్’ మాత్రం సీసం కాలం నాటిది కాదా మాస్టారూ?

— దొరికిపోయాను. సరే, పేర్పే కానివ్వండి.