కేప్‌టౌన్‌లో చలికాలపు వాన, డర్బన్‌లో వేసవి వాన: గాలులే కారణమా?

ప్రశ్న:
దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్, డర్బన్ రెండూ తీర నగరాలే. అక్షాంశాల్లో తేడా కూడా సుమారు 4 డిగ్రీలే. అయినా కేప్‌టౌన్‌లో వాన ఎక్కువగా జూన్ నుంచి ఆగస్టు వరకు, అంటే అక్కడి చలికాలంలో కురుస్తుంది. డర్బన్‌లో అక్టోబరు నుంచి మార్చి వరకు. వేసవిలో కేప్‌టౌన్ మీద బలంగా వీచే ఆగ్నేయ గాలి కూడా సముద్రం మీదుగా వచ్చేదే కదా, అది వాన ఎందుకు కురిపించదు?

జవాబు 1:
ఋతువుల సంగతి ముందు చెబుతాను. దక్షిణార్ధగోళంలో 30 డిగ్రీల అక్షాంశానికి అటూ ఇటూగా ఉండే అధికపీడన మేఖల సూర్యగమనాన్ని అనుసరించి కొద్ది డిగ్రీలు ఉత్తర దక్షిణాలకు జరుగుతుంటుంది. జూన్, జులై నెలల్లో అది ఉత్తరానికి జరగడంతో, దానికి దక్షిణాన వీచే పశ్చిమ పవనాలు, వాటి వెంట సాగే శీతల వాతాగ్రాలు (చల్లని గాలి వెచ్చని గాలిని తోసుకుంటూ ముందుకు వచ్చే సరిహద్దులు) కేప్‌టౌన్‌ను తాకి వానలు కురిపిస్తాయి. వేసవిలో మేఖల తిరిగి దక్షిణానికి వచ్చినప్పుడు ఆ వాతాగ్రాల్లో చాలావరకు ఖండాన్ని తాకకుండా సముద్రం మీదే సాగిపోతాయి. మధ్య చిలీ, కాలిఫోర్నియా, పెర్త్, మధ్యధరా తీరాలలో చలికాలపు వానలకూ ప్రధాన కారణం ఇదే. పాఠ్యపుస్తకాలు దీనికి ‘మధ్యధరా శీతోష్ణస్థితి’ అని పేరు పెట్టి ముందుకు వెళ్లిపోతాయి గాని, అసలు చెప్పవలసింది ఈ మేఖలల కదలికే.

జవాబు 2:
ఆగ్నేయ గాలి గురించి: సముద్రం మీదుగా వచ్చినంత మాత్రాన గాలి వాననివ్వదు, అది చాలా ఎత్తుకు లేచి చల్లబడాలి. వేసవిలో దక్షిణ అట్లాంటిక్ అధికపీడన ప్రభావంతో పైగాలి కిందికి దిగుతూ వేడెక్కి, కింది చల్లని తేమగాలి మీద మూతలా నిలుస్తుంది. 1,086 మీటర్ల టేబుల్ పర్వతాన్ని ఎక్కేటప్పుడు ఆ గాలిలో మేఘం ఏర్పడి శిఖరాన్ని కప్పుతుంది, కానీ అవతలి వాలులో దిగుతూ వేడెక్కి ఆవిరైపోతుంది. డర్బన్ పరిస్థితి వేరు. అక్కడ వెచ్చని అగుల్హాస్ సముద్ర ప్రవాహం మీదుగా వచ్చే తేమగాలిని, వేసవిలో వేడెక్కిన భూభాగం మీది అల్పపీడనం లోపలికి లాగుతుంది. అది డ్రాకెన్స్‌బర్గ్ పర్వతాల వైపు ఎగబాకి ఉరుముల వానలవుతుంది.

జవాబు 3:
ఒక్క చేర్పు. ఈ రెండు నగరాల మధ్య దక్షిణ తీరంలోని జార్జ్, నైస్నా ప్రాంతాల్లో ఏడాది పొడవునా వాన పడుతుంది. పశ్చిమ తీరం వెంట ఉత్తరానికి వెళితే వాతాగ్రాలు అంతదూరం చేరడం అరుదు, బెంగ్యులా శీతల ప్రవాహం కింది గాలిని మరింత చల్లబరచి పైకి లేవనివ్వదు. అందుకే నమీబ్ ఎడారి తీరానికి పొగమంచు తప్ప ఏ ఋతువులోనూ చెప్పుకోదగ్గ వాన ఉండదు.