జూ పార్కుకు వెళ్లిన పిల్లలకు మన అడవి జంతువులను ఎలా చూపించాలి?

ప్రశ్న: మర్రిపాలెం ఉపాధ్యాయిని

అందరికీ నమస్కారం. నేను ఏడో తరగతి పిల్లలకు సామాన్యశాస్త్రం చెబుతాను. నిరుడు డిసెంబరులో మా పిల్లలను విశాఖపట్నంలోని ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాలకు తీసుకువెళ్లి, రెండు గంటల్లో హడావిడిగా చుట్టివచ్చాము. మర్నాడు చూసినవాటి బొమ్మలు వేయమంటే ముప్పై రెండు మందిలో దాదాపు అందరూ జిరాఫీనో, నీటిగుర్రాన్నో, సింహాన్నో వేశారు. మన తూర్పు కనుమల్లో తిరిగే జంతువు ఒక్కటి కూడా ఆ కాగితాల మీద కనిపించలేదు. ఆ పిల్లల్లో చాలామంది అమ్మమ్మల ఊళ్లు పాడేరు, మాడుగుల వైపు ఉన్నవే కావడంతో నాకు మరీ బాధ కలిగింది.

ఈసారి మన నేల మీద పుట్టిన జంతువులనే ప్రధానంగా చూపించాలని అనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి? జూను ఆనుకుని ఉన్న జంతు రక్షణ కేంద్రంలోకి పిల్లలను తీసుకువెళ్లనిస్తారా? ఇంకొక విషయం కూడా ఉంది. మా తరగతిలో ఒక అబ్బాయి ఇంట్లో నక్షత్ర తాబేలు ఉంది. అది ఉంటే ఇంటికి కలిసివస్తుందని వాళ్ల నాయనమ్మ గారి నమ్మకం. పిల్లవాడిని నొప్పించకుండా ఈ విషయం ఎలా మాట్లాడాలో కూడా చెప్పగలరు.

సమాధానం: సాగర్‌నగర్ నివాసి

టీచర్ గారూ, ఆ జూ 625 ఎకరాల స్థలం. ముప్పై మంది పిల్లలతో అదంతా ఒక్క పూటలో చూడాలనుకుంటే ఏదీ చూడనట్టే అవుతుంది. సోమవారం సెలవు కాబట్టి మిగిలిన రోజుల్లో ఏదైనా ఎంచుకుని, గేటు తెరిచే వేళకు చేరుకోండి. ఎండ ఎక్కితే జంతువులు నీడ చేరి పడుకుంటాయి.

నా మాట వింటే రేచుకుక్కల, అంటే మంద కట్టి తిరిగే అడవి కుక్కల దగ్గర మొదలుపెట్టండి. దేశంలో రేచుకుక్కల సంతతిని పెంచే పనిలో మన జూకి ప్రత్యేకమైన స్థానం ఉంది, కానీ సందర్శకులు ‘ఏదో ఎర్ర కుక్క’ అని ఒక్క చూపు చూసి పులి ఆవరణ వైపు వెళ్లిపోతారు. ఒక ఉదయం నేను అక్కడ అరగంట కదలకుండా నిలబడ్డాను. మొదట కనిపించింది ఒక్కటే: ఇటుక రంగు ఒళ్లు, చివర్న నల్లటి కుచ్చుతోక, గుండ్రటి చెవులు. కాసేపటికి అది మూతి పైకెత్తి సన్నగా ఈల వేసింది. అది మొరుగు కాదు, నిజంగా మనిషి వేసిన ఈలలాగే ఉంది. పొదల వెనుక నుంచి మరో రెండు ఈలలు బదులు పలికాయి. అడవిలో దట్టమైన చెట్ల మధ్య మంద చెదిరిపోతే అవి ఒకదాన్నొకటి వెతుక్కునేది ఆ ఈలలతోనే. వేటాడాక కూనలనే ముందు తిననిచ్చి పెద్దవి ఆగడం వాటి పద్ధతి అని చెబితే, పిల్లలు ఆ జంతువును ఇక మరచిపోరు. మూడు చోట్లకు మించి పెట్టుకోకండి. రేచుకుక్కలు, దుమ్ములగొండి, నక్షత్ర తాబేళ్లు చాలు.

వీలుంటే అదే రోజు మధ్యాహ్నం జాతీయ రహదారికి అవతలి వైపున్న కంబాలకొండకు కూడా తీసుకువెళ్లండి. ఒకప్పుడు విజయనగరం మహారాజుల అధీనంలో ఉన్న ఈ అడవిని 2002లో అభయారణ్యంగా ప్రకటించారు. దాదాపు 70 చదరపు కిలోమీటర్ల ఆ అడవిలో చిరుత, కణుజు, చుక్కల దుప్పి, నక్క ఇప్పటికీ ఉన్నాయి. పొద్దున కంచె వెనుక చూసిన జంతువుకు ఎటువంటి చోటు కావాలో అక్కడ నడిస్తేనే పిల్లలకు అర్థమవుతుంది.

సమాధానం: జంతు సంరక్షణ విధుల్లో పనిచేసి విరమించిన వ్యక్తి

అమ్మా, రక్షణ కేంద్రం గురించి మీరు అడిగినదానికి సూటిగా చెబుతాను. అది సందర్శకుల కోసం కట్టినది కాదు, లోపలికి పంపరు. పంపకూడదని నేను కూడా గట్టిగా నమ్ముతాను. అయితే అది ఎందుకు పుట్టిందో మాత్రం పిల్లలకు తప్పక చెప్పండి.

సింహం, పులి, చిరుత, ఎలుగుబంటి, కోతి, ఈ అయిదింటినీ సర్కసుల్లో ఆడించకూడదని కేంద్ర ప్రభుత్వం 1998లో ఉత్తర్వు ఇచ్చింది. సర్కసు యజమానులు న్యాయస్థానాలకు వెళ్లారు. 2001లో సుప్రీంకోర్టు కూడా ఆ నిషేధాన్నే సమర్థించింది. అలా ఆట మానిపించిన సింహాలు, పులులు ఎక్కడికి పోవాలన్న ప్రశ్నకు జవాబుగా విశాఖ, తిరుపతి వంటి చోట్ల ఈ కేంద్రాలు ఏర్పడ్డాయి. సర్కసుల్లో ఆసియా సింహాలను, ఆఫ్రికా సింహాలను కలిపి పెంచడంవల్ల వాటి సంతతి సంకరమైపోయింది. అందుకే వాటికి పిల్లలు పుట్టనివ్వకుండా, బతికినన్నాళ్లు ప్రశాంతంగా చూసుకోవడమే ఈ కేంద్రాల పని.

నేను చూసిన ఒక ముసలి ఆడసింహం ఏళ్ల తరబడి బండి బోనులో బతికింది. విశాలమైన ఆవరణలోకి వదిలిన తర్వాత కూడా అది సరిగ్గా నాలుగడుగులు వేసి, ఎదురుగా ఇనుప ఊచలు ఉన్నట్టే వెనక్కి తిరిగేది. మళ్లీ నాలుగడుగులు, మళ్లీ తిరగడం. పళ్లు అరిగిపోయినందువల్ల ఎముకలు తీసేసి, మాంసం చిన్న ముక్కలు చేసి పెట్టేవాళ్లం. అయిదో అడుగు వేయడానికి దానికి చాలా నెలలు పట్టింది. ఆ రోజు మా వాళ్లు ఒకరినొకరు పిలుచుకుని వచ్చి చూశారు. అటువంటి ప్రాణి ముందు పిల్లలు గుంపుగా నిలబడి కేకలు పెడితే దానికి మళ్లీ సర్కసు డేరాయే గుర్తుకొస్తుంది కదా.

మన ప్రాంతపు జంతువుల విషయంలో మీ పిల్లలు చేయగలిగిన మేలు ఒకటుంది. పొలం గట్టున నక్కపిల్లలు ఒంటరిగా కనిపిస్తే, తల్లి చచ్చిపోయిందనుకుని జాలిపడి ఇంటికి తెచ్చేస్తారు. చాలాసార్లు తల్లి ఆహారం కోసమే వెళ్లి ఉంటుంది. మనుషుల చేతుల్లో పాలు తాగి పెరిగిన పిల్లకు మనిషంటే భయం పోతుంది, వేట రాదు. అప్పుడు దాన్ని అడవిలో వదలడం కూడా చంపడంతో సమానమే అవుతుంది. గాయం కనిపిస్తే తప్ప ముట్టుకోకుండా, దూరంగా ఉండి అటవీశాఖ వారికి కబురు చేయమని చెప్పండి.

సమాధానం: గాజువాక గృహిణి

టీచర్ గారూ, మీ విద్యార్థి ఇంట్లో ఉన్న పరిస్థితే మూడేళ్ల క్రితం మా ఇంట్లో ఉండేది. మా బావగారు నక్షత్ర తాబేలును ఒక దుకాణంలో కొని మా పాపకు కానుకగా ఇచ్చారు. ఆ దుకాణదారుడు ఇది మామూలు పెంపుడు తాబేలేనని, అన్నం, రొట్టె, టమాటా ఏది పెట్టినా తింటుందని చెప్పాడు. మేమూ అదే నమ్మాము. ఏడాది తిరిగేసరికి డొప్ప మీద నక్షత్రాల గీతలు విడిపోయి, ఒక్కొక్క పలక చిన్న గోపురంలా పైకి ఉబ్బింది. వేలితో నొక్కితే అంచు మెత్తగా లోపలికి పోయింది. పశువైద్యుడు చూసి, అది గడ్డి, ఆకులు తిని ఎండలో తిరగాల్సిన జీవమని, మన తిండివల్లా ఎండ లేకపోవడంవల్లా డొప్ప అలా తయారైందని చెప్పారు.

నక్షత్ర తాబేలును ఇంట్లో ఉంచుకోవడం నేరమని మాకు అప్పుడే తెలిసింది. వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించినప్పుడు దాన్ని మొదటి షెడ్యూలులోకి చేర్చారు, అంటే పులికి ఉన్నంత రక్షణ దానికీ ఉంది. మేము భయపడుతూనే అటవీశాఖ కార్యాలయానికి తీసుకువెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాము. వారు వివరాలు రాసుకుని, మర్యాదగానే తీసుకున్నారు. ఎక్కడో కొండల దగ్గర మనమే వదిలేస్తే సరిపోతుందని కొందరు సలహా ఇచ్చారు కానీ, ఇంట్లో పెరిగిన తాబేలు ముక్కు కారే జబ్బును అడవి తాబేళ్లకు అంటించవచ్చని అక్కడే తెలిసింది.

మా అత్తగారికి కూడా కలిసివస్తుందన్న నమ్మకమే ఉండేది. నేను చట్టం గురించి ఎంత చెప్పినా వినలేదు. చివరికి ఆ మెత్తబడిన డొప్పను ఆవిడ చేతికే ఇచ్చి నొక్కి చూడమన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ‘కూర్మావతారం అని దండం పెట్టుకుంటూ దీన్ని ఇలా చేశామా’ అని, శ్రీకూర్మం స్వామిని తలచుకుని, ఆవిడే బుట్ట తెచ్చి ఇచ్చారు. ఆ నాయనమ్మ గారితో పిల్లవాడి ద్వారా కాకుండా మీరే వెళ్లి మాట్లాడండి. తరగతిలో మాత్రం ఆ అబ్బాయి పేరు ఎత్తవద్దు.

మర్రిపాలెం ఉపాధ్యాయిని

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. ఈ ఆదివారమే ఆ అబ్బాయి ఇంటికి వెళ్తాను. పిల్లలను మూడు చోట్లకే తీసుకువెళ్లి, ఒక్కో చోట అరగంట కూర్చోబెడతాను. డిసెంబరుకు బదులు ఫిబ్రవరిలో వెళ్తే సముద్ర తాబేళ్లను కూడా చూపించవచ్చని ఒకరన్నారు. అది నిజమేనా?

సమాధానం: సాగర్‌నగర్ నివాసి

నిజమే, టీచర్ గారూ. ఆలివ్ రిడ్లే తాబేళ్లు చలికాలం చివర మన తీరానికి వచ్చి రాత్రివేళ ఇసుకలో గుడ్లు పెడతాయి. ఒక్కొక్కటి దాదాపు వంద గుడ్లు పెడుతుంది. కుక్కలు, నక్కలు తవ్వకుండా అటవీశాఖ వారు వాటిని సేకరించి, కంచె వేసిన చోట మళ్లీ పూడ్చిపెడతారు. సుమారు నెలన్నర నుంచి రెండు నెలల్లో పిల్లలు బయటికి వస్తాయి కాబట్టి ఫిబ్రవరికంటే మార్చి మంచిది. ఇసుక వేడిని బట్టి ఆడదో మగదో తేలుతుందన్న సంగతి మీ పాఠానికి కూడా పనికివస్తుంది.

ముందుగా అటవీ సిబ్బందిని అడిగి, వారు తాబేలు పిల్లలను సముద్రంలోకి వదిలే రోజునే తెల్లవారుజామున రండి. మీ విద్యార్థులు వాటిని చేతుల్లోకి తీసుకోకూడదు, ఫోను వెలుగు వేయకూడదు. అవి వెలుగున్న వైపే వెళ్తాయి కాబట్టి సముద్రానికి బదులు రోడ్డు దీపాల వైపు తిరుగుతాయి. వాటికీ నీటికీ మధ్య ఎవరూ నిలబడకుండా, అందరినీ వెనుక ఒకే వరుసలో కూర్చోబెట్టండి.