లోకం వార్తలు ఇంట్లకు రానియ్యాల్నా, వద్దా?

హన్మకొండ కోడలు
అందరికి నమస్తే. నన్ను తిట్టినా పర్వాలేదు కని నిజం చెప్పుండ్రి.

మా ఇల్లు హన్మకొండల. మామయ్య, అత్తమ్మ, మా ఆయన, నేను, మూడో తరగతి చదివే బాబు. మా మరిది ఆరేండ్ల సంది ఖతార్ రాజధాని దోహాల ఉన్నడు, ఒక హోటల్ వంటింట్ల పని. 2025 సెప్టెంబర్ 9న దోహాల పాలస్తీనా సాయుధ సంస్థ హమాస్ నాయకులున్న జాగ మీద ఇజ్రాయెల్ బాంబులేసింది గదా, ఆ రోజు సంది మా ఇంట్ల టీవీ బంద్ అయితలేదు. పొద్దుగాల ఐదింటికి మామయ్య లేస్తరు, టీవీ పెడ్తరు. రాత్రి ఒంటిగంట దాక అదే. ఒక్కటే బొమ్మ, పొగ లేసుడు, ఇరవై సార్లు చూపిస్తరు. కింద ఎర్ర పట్టీ, ఎనుక సైరన్ మోత. జూన్ 23న ఖతార్‌ల ఉన్న అమెరికా స్థావరం మీద ఇరాన్ మిసైళ్లు వేసినప్పుడు గూడ ఇట్లనే అయింది. తెల్లారేసరికి కాల్పుల విరమణ అన్నరు, మామయ్య బీపీ దిగనీకి మాత్రం వారం పట్టింది.

మొన్న బాబు అన్నం తినుకుంట అడిగిండు, "అమ్మా, బాబాయి సచ్చిపోతడా?" అని. నాకు చెయ్యి ఆడలే. ఆ రాత్రే సెటప్ బాక్స్ వైరు పీకి బీరువల పెట్టి తాళమేసిన. నాలుగు దినాలైంది. మామయ్య నాతోని మాట్లాడ్తలేరు. అన్నం గూడ అత్తమ్మ తీస్కపోయి ఇస్తేనే తింటున్నరు. ఈ రోజు సద్దుల బతుకమ్మ, ఇల్లంత పువ్వులున్నయి, మాటలు లేవు.

నేను చేసింది తప్పా?

కాజీపేట రైల్వే
తప్పేం లేదు చెల్లె. కరోనా అప్పుడు మా ఇంటామె రోజు చావుల లెక్క చూసి చూసి నిద్రకు దూరమైంది. డాక్టరమ్మ మందు రాసే ముందు టీవీ బంద్ చెయ్యమన్నది. అప్పటి సంది మా ఇంట్ల వార్తలు లేవు. డ్యూటీ చేస్తున్న, పిల్లలు చదువుకుంటున్నరు, ఆమె నిద్రపోతున్నది. మాకు తక్కువైంది ఏం లేదు.

జగిత్యాల, పాత గల్ఫోన్ని
చెల్లె, నేను నీ మరిది దిక్కుకెల్లి మాట్లాడ్త. పదకొండేండ్లు షార్జాల చేసి వచ్చిన. నాకన్న ముందు మా బాపు కువైట్‌ల మేస్త్రీ పని చేసెటోడు. 1990 ఆగస్టు 2న సద్దాం ఫౌజు కువైట్‌ల దిగింది. అప్పుడు నాకు తొమ్మిదేండ్లు. ఫోన్లు లేవు, ఉత్తరాలు బందైనయి. మా ఊర్ల ఒక్కలింట్ల పెద్ద రేడియో ఉండె. మా అమ్మ పొద్దు పొడవక ముందే వాకిలి ఊకి, సాన్పి చల్లి, పోయి వాళ్ల అరుగు మీద కూసునేది, ఆకాశవాణి తెలుగు వార్తల కోసం. జోర్డాన్‌ల అమ్మాన్ కెల్లి మనోళ్లను ఎయిరిండియా విమానాలల్ల తెస్తున్నరని అట్లనే తెల్సింది. మొత్తం లక్షా డెబ్బై వేల మంది దాక తెచ్చిండ్రు, రెండు నెలల మీద పట్టింది. మా బాపు అక్టోబర్‌ల వచ్చిండు, ఒంటి మీది బట్టలతోని. అన్ని దినాలు ఎవలన్న మా అమ్మను "రేడియో ఇనకు, పానం కరాబైతది" అని ఆపితే ఆమె ఏమయ్యేదో నేను ఊహించలేను. ఆ పది నిమిషాలే ఆమెకు బాపు జాడ.

అందుకే చెప్తున్న, వైరు పీకుడు తప్పు. మామకు చెప్పకుంట పీకుడు ఇంక తప్పు. గల్ఫ్‌ల కొడుకున్న తండ్రి దగ్గర వార్త గుంజుకుంటే ఆయన నిమ్మళంగ పంటడనుకుంటున్నవా? కండ్లు మూసుకొని ఇంత కన్న పెద్ద బాంబులు చూస్తడు.

అయితే అప్పుడు వార్త పది నిమిషాలే. అయిపోంగనే రేడియో బంద్ చేసి అందరు పనికి పోయేటోళ్లు. దినమంత ఒక్క పొగనే చూపెట్టుడు అప్పుడు లేకుండె. నీ కోపం అండ్ల ఉన్నదంటే నేను నీతోనే ఉంట.

ఇంకొకటి, టీవీ చెప్పనిది. నీ మరిది ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పనికి బయటి దేశం పోనీకి మన సర్కారు ఇచ్చే అనుమతితోని పోయినోడైతే ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటది. ప్రమాదంల పోయినా, కాలుచెయ్యి పోయినా 10 లక్షలు. అది రెండేండ్లకో మూడేండ్లకో అయిపోతది. ఆరేండ్లైందంటున్నవు, మళ్ల కట్టిండా లేదా అడుగు.

పరకాల పత్తిరైతు
నాకు మూడెకరాల పత్తి, ఎకరం వరి. కాజీపేట అన్న "తక్కువైంది ఏం లేదు" అన్నడు. అన్నా, నీకు నెల జీతం వస్తది, నీకు తక్కువ కాదు. మాకు అయితది.

ఆగస్టుల యూరియా కోసం తెల్లారుగట్ల నాలుగింటికి సొసైటీ ముందట చెప్పులు వరుసల పెట్టినోన్ని. రెండు దినాలు పాస్‌బుక్కు పట్టుకొని నిలబడితే రెండు బస్తాలు దొరికినయి. ఆ రెండు దినాలు లైన్ల ఎవల ఫోన్ల చూసినా యుద్ధం వీడియోలే. ఆ యుద్ధానికి, ఈ బస్తాకు సంబంధం ఉన్నదని ఒక్కలు చెప్పలే. నేను తర్వాత పేపర్‌ల చదివి తెల్సుకున్న. యూరియా చేసేది గ్యాస్‌తోని. మన రామగుండం ఫ్యాక్టరీ ఏడాదికి 12.7 లక్షల టన్నుల తాకతున్నది, అది గూడ గ్యాస్ మీదనే నడుస్తది. దేశంల చేసింది సరిపోక బయటి నుంచి ఓడలల్ల తెస్తరు. ఎర్రసముద్రంల యెమెన్ దిక్కు హూతీలనే సాయుధ గుంపు ఓడల మీద పడేసరికి ఓడలు ఆఫ్రికా చుట్టు తిరిగి రావట్టినయి. చైనా తన యూరియా బయటికి పోకుండ బిగబట్టింది. ఇగ గ్యాస్ చూస్తే, మనకు ఓడల మీద వచ్చే గ్యాస్ అందరికన్న ఎక్కువ అమ్మేది ఖతారే. ఇరాన్‌కు ఒమన్‌కు నడుమ హోర్ముజ్ అని సన్నటి సముద్రం ఉన్నది, ఆ ఓడలు అండ్లకెల్లే రావాలె. అంటే చెల్లె, మీ మరిది వండుతున్న ఊరు, నా వరి మడి ఒక్క తాడుకు కట్టి ఉన్నయి.

పత్తి సంగతి గూడ అదే. 2025 ఆగస్టుల అమెరికా మన సరుకు మీద 50 శాతం సుంకం వేసింది. బట్టల మిల్లులు ఆగమైతున్నయని మన సర్కారు ఆగస్టు 19 నుంచి బయటి పత్తి మీద 11 శాతం సుంకం తీసేసింది, దాన్ని డిసెంబర్ 31 దాక పొడిగించింది. మేం పత్తి అమ్మేటి నెలలు అవే. 2025-26ల పొడుగు పింజకు మద్దతు ధర క్వింటాలుకు 8,110 అని కాయితం మీద ఉండె. ఏనుమాముల మార్కెట్‌కు బండి కొట్టుకపోతే తేమ ఎంతంటరో, రేటు ఎంతంటరో అక్కడికి పోతెనే తెలుస్తది. గంటలు గంటలు మిసైళ్లు చూసిన మా ఊరోళ్లకు ఈ సుంకం సంగతి పత్తి ఏర మొదలువెట్టినంక తెల్సింది.

నాకు లోకం వార్త కావాలె. టీవీల వచ్చేది అది కాదు.

కాజీపేట రైల్వే
సరే అన్నా, తెల్సింది. తెల్సినందుకు బస్తా ఎక్కువ ఇచ్చిండ్రా?

పరకాల పత్తిరైతు
ఇయ్యలే. కని పత్తి పీకినంక యాసంగిల మక్క వేద్దామనుకున్న జాగల పల్లి వేస్త. మక్క యూరియా తాగుతది, పల్లికి అంత పడదు. తెల్వకపోతే మళ్ల మక్కనే వేసి, మళ్ల చెప్పులు వరుసల పెట్టేటోన్ని.

నక్కలగుట్ట అమ్మ
నా సంగతి వినుండ్రి. మా బిడ్డ డాలస్‌ల ఉద్యోగం చేస్తది, హెచ్-1బి అనే ఉద్యోగ వీసా మీద ఉన్నది. నాలుగేండ్ల తర్వాత ఎంగిలిపూల బతుకమ్మకు వచ్చింది. ఆదివారం వేయిస్తంభాల గుడి కాడ ఆడాలని శనివారమే తంగేడు, గునుగు తెచ్చి పెట్టుకున్నం. ఆ శనివారం, సెప్టెంబర్ 20, పొద్దుగాల సంది ఫోన్ల మీద ఫోన్లు. ట్రంప్ హెచ్-1బి మీద లక్ష డాలర్ల ఫీజు పెట్టిండని, అంటే మన 88 లక్షలని, గడువులోపు అమెరికాల దిగకపోతే కట్టాల్సిందేనని అన్ని ఛానళ్లు. బిడ్డ కంపెనీ నుంచి గూడ వెంటనే రమ్మని మెయిల్ వచ్చింది. ఉన్న టికెట్ పోగొట్టుకొని రెండు లక్షల మీద పెట్టి కొత్తది కొన్నం. శంషాబాద్ దాక కార్ల ఎవ్వరం మాట్లాడలే. గడువుల దిగుతదో లేదో గూడ తెల్వదు.

తెల్లారేసరికి అక్కడి సర్కారే చెప్పింది, ఈ ఫీజు కొత్త దరఖాస్తులకేనని, ఇప్పటికే వీసా ఉన్నోళ్లు పోయిరావచ్చని. బిడ్డ ఇంక విమానంలనే ఉన్నది. పువ్వులు తట్టల వాడిపోవట్టినయి. పేర్చనీకి నాకు చేతులు రాలే, పక్కింటోళ్లకు ఇచ్చిన.

వార్త వద్దని నేను అనను. ఒక్క పూట ఆగి, మొత్తం చదివి, అప్పుడు కదలాలె అంట.

జగిత్యాల, పాత గల్ఫోన్ని
అమ్మా, మీ బాధ అర్థమైంది. కని ఆ రూల్ నిజంగనే అందరికి ఉండి, మీరు ఒక్క పూట ఆగి ఉంటే? అప్పుడు బిడ్డ ఉద్యోగం పోయేది.

నక్కలగుట్ట అమ్మ
మా ఆయన గూడ అదే అడిగిండు బాబు. దానికి నా దగ్గర జవాబు లేదు. బతుకమ్మ పోయిందన్న దుఃఖం మాత్రం ఉన్నది.

కేయూ హాస్టల్
అందరి పోస్టులూ చదివాను. ఒక్కటి అడగాలనిపించింది. కొడుకు ఉన్నాడు కాబట్టి దోహా వార్త, యూరియా కోసం ఎర్రసముద్రం వార్త, వీసా కోసం అమెరికా వార్త. మనకు ఏ సంబంధమూ లేని చోట మనుషులు చస్తుంటే అది వార్త కాదా?

ఆగస్టు 22న ఐక్యరాజ్యసమితి మద్దతుతో పనిచేసే ఆహార భద్రత నిపుణులు గాజా నగరం ఉన్న ప్రాంతంలో కరువు వచ్చిందని ప్రకటించారు. వానలు పడక వచ్చిన కరువు కాదది, తిండి లోపలికి పోనీయకపోతే వచ్చింది. అంతకు ఏడాది ముందు సూడాన్‌లో జంజం అనే నిర్వాసితుల శిబిరంలో కూడా కరువని ప్రకటించారు. సూడాన్ పేరు మన టీవీలో ఎన్నిసార్లు విన్నారు? మా ముత్తవ్వ గంజి కరువు సంగతులు చెప్పేది, ఊర్లో ఎవరింట్లో పొయ్యి వెలిగిందో పొగ చూసి తెలుసుకునేవాళ్లట. నేను రోజూ రాత్రి అరగంట చదువుతాను. కడుపులో తిప్పుతుంది. అయినా చదువుతాను.

కాజీపేట రైల్వే
చెల్లె, బాధపడుడు పని కాదు. నువ్వు ఆ అరగంటల మీ హాస్టల్ పక్క గల్లీల ఉన్న ముసలామెకు మందులు తెచ్చియ్యొచ్చు. గాజాకు నువ్వేం చెయ్యలేవు. చెయ్యలేని దాన్ని రోజు చూసుకుంట కూసుంటే, చెయ్యగలిగిన దానికి సత్తువ మిగలదు. మా ఇంట్ల చూసి చెప్తున్న.

కేయూ హాస్టల్
అన్నా, మీ ఇంట్లో వదిన పడ్డ బాధను నేను తక్కువ చెయ్యను. ఆమెకు బంద్ చెయ్యడమే సరైంది, అది వైద్యం. కానీ వైద్యం అవసరమైనవాళ్లకు రాసిన చీటీని ఊరందరికీ ఇస్తున్నారు మీరు. ఆ ముసలామెకు మందులు కావాలని మీకెట్లా తెలిసింది? గల్లీలోకి తొంగి చూస్తేనే కదా.

పరకాల పత్తిరైతు
బిడ్డా, నువ్వు అన్నది నా మనసుల పడ్డది. నేను సూడాన్ గురించి ఎన్నడు చదవలే. నాకు అక్కడ బస్తా లేదు గదా అని.

హన్మకొండ కోడలు
మూడు దినాలు ఏం రాయలేకపోయిన. అందరివి చదివిన.

దసరా నాడు జమ్మి ఆకు మామయ్య చేతుల పెట్టి కాళ్లు మొక్కిన. "మీకు చెప్పకుంట చేసిన మామయ్యా, తప్పైంది, వైరు బీరువల ఉన్నది" అన్న. ఆయన కొంచెంసేపు జమ్మి చేతుల పట్టుకొనే ఉన్నరు. తర్వాత అన్నరు, "వార్తలు ఎవలికి కావాలె బిడ్డా. వాని డ్యూటీ రాత్రి పదింటికి అయిపోతది. మనకు పన్నెండున్నర. రూముకు పోయి 'తిన్న బాపు' అని మెసేజ్ పెడ్తడు. గప్పటిదాక నాకు నిద్ర రాదు. ఒక్కన్ని చీకట్ల ఏం చెయ్యాలె? టీవీ పెట్టుకుంటున్న."

ఆరేండ్ల సంది రోజు ఆ మెసేజ్ వస్తున్నదట. నాకు తెల్వదు, మా ఆయనకు తెల్వదు. ఒక్కింట్ల ఉండి తెల్వదు. ఆయనకు వార్తల పిచ్చి అనుకున్న నేను. మరి పొద్దుగాల ఐదింటికి ఎందుకంటే, రాత్రి వాడు పన్నంక ఏమన్న అయిందా అని చూసుకుంటరట.

వైరు పెట్టిన. రాత్రి పన్నెండున్నర దాక మా ఆయన గూడ ఆయన పక్కన కూసుంటుండు, టీవీ సౌండ్ బంద్ చేసి. బాబుకు మరిదితోని వీడియో కాల్ చేయించిన. మరిది వంటింట్ల పెద్ద గంజు చూపెట్టిండు, కిటికీలకెల్లి సముద్రం చూపెట్టిండు. బాబు నవ్విండు కని, రాత్రి పండుకునే ముందు మళ్ల అదే అడిగిండు. వానికి ఏం చెప్పాల్నో నాకింక తెల్వదు. అబద్ధం చెప్పబుద్ధి అయితలేదు.

పొద్దుటి టీవీ మాత్రం నాకు ఇప్పటికీ నచ్చుతలేదు. బాబు లేచే యాళ్లకు బంద్ చెయ్యమన్న. "చూద్దాం" అన్నరు మామయ్య. నిన్న చెయ్యలే, ఈ రోజు చేసిండ్రు.

జగిత్యాల అన్నా, బీమా అడిగిన. 2022లనే అయిపోయిందట, మళ్ల కట్టలేదట. ఇప్పుడు అక్కడుండి కట్టొచ్చా?

జగిత్యాల, పాత గల్ఫోన్ని
కట్టొచ్చు చెల్లె, ఆన్‌లైన్‌ల అయితది. పాస్‌పోర్టు, పాత పాలసీ కాయితం దగ్గర పెట్టుకొమ్మను. దినాం పనిల ఉంటడు కావచ్చు, రాత్రి పన్నెండున్నరకు మెసేజ్ పెట్టినంక నేనే మాట్లాడ్త. నేను గూడ మేల్కొనే ఉంట.