పెద్దపిల్లకు చిన్నవాళ్ల బాధ్యత ఎంతవరకు అప్పగించవచ్చు?

కూర్మన్నపాలెం తల్లి:

మాకు నలుగురు పిల్లలు. పెద్దమ్మాయికి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి చదువుతోంది. బాబు ఒకటో తరగతి. ఆ తర్వాత పుట్టిన కవల మగపిల్లలకు ఇటీవలే రెండేళ్లు నిండాయి. మావారు ఒక కర్మాగారంలో షిఫ్టుల మీద పనిచేస్తారు. నేను విశాఖపట్నం గాజువాకలో ఒక చిన్న ప్రైవేటు కార్యాలయంలో లెక్కలు రాస్తాను. అత్తగారు మాతో ఉన్నన్నాళ్లూ ఇబ్బంది తెలియలేదు గానీ, మామగారి ఆరోగ్యం బాగాలేక ఆవిడ పలాస వెళ్లిపోయిన దగ్గర నుంచి ఇల్లు పరుగుల మీద నడుస్తోంది.

పగలంతా కవలలను పక్క వీధిలో ఒకావిడ చూసుకుంటారు. సాయంత్రం నాలుగింటికి ఆవిడ వారిని ఇంట్లో దింపి వెళ్తారు. దాదాపు అదే సమయానికి బడి ఆటో కూడా వస్తుంది. నేను ఇల్లు చేరేసరికి ఆరు దాటుతుంది. ఆ రెండు గంటలూ పెద్దమ్మాయే కవలలకు చోడి (రాగి) జావ తాగిస్తుంది, మూతులు తుడుస్తుంది, తమ్ముడిని కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పిస్తుంది. ఎదురు ఫ్లాటు వారు పిలిస్తే పలుకుతారు.

సంక్రాంతికి వచ్చిన మా ఆడపడుచు ఇదంతా చూసి, “దాని చేత పిల్లల్ని పెంచిస్తున్నారేమిటి వదినా” అంది. మా అత్తగారేమో, అందరం అలా పెరిగినవాళ్లమే, పట్టించుకోవద్దు అంటున్నారు. నేను చేయిస్తున్నది తప్పా కాదా అన్నది ఇక్కడి వారి నోట వినాలని ఉంది. సముదాయించే మాటలు అక్కరలేదు.

పెదవాల్తేరు అమ్మమ్మ:

తప్పు కాదు తల్లీ. ఎనిమిది మంది సంతానంలో నేను రెండోదాన్ని. నా చంకలో తమ్ముడో చెల్లెలో లేని రోజు నాకు గుర్తులేదు. ఎవరూ మమ్మల్ని చూసి జాలిపడలేదు, మేమూ అదొక కష్టమని అనుకోలేదు. పసిపిల్ల ఏడుపు విని ఆకలో, నిద్రో, కడుపునొప్పో చెప్పగలిగే నేర్పు నాకు పదేళ్లకే వచ్చింది. తర్వాత నా పిల్లలు పుట్టినప్పుడు నేను ఎవరినీ సలహా అడగవలసిన అవసరం రాలేదు. ఇప్పుడు మా మనవరాలికి పదకొండేళ్లు. తాగిన గ్లాసు తీసి సింకులో పెట్టమంటే ఆ పిల్ల నావైపు వింతగా చూస్తుంది. ఇంటి పని తెలియకుండా పెంచడం గారాబమే గానీ పెంపకం అనిపించుకోదు.

పెందుర్తి ఉపాధ్యాయిని:

అమ్మమ్మగారి మాటను గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. ఆవిడ తమ్ముణ్ణి ఎత్తుకుని తిరిగిన ఆ ఇంట్లో, వంటింట్లో తల్లి, వరండాలో నానమ్మ, పెరట్లో ఏ పిన్నో మేనత్తో ఉండే ఉంటారు. పసివాణ్ణి ఎత్తుకున్నది ఆవిడే అయినా, వాడి బాగోగులకు పూచీ పడినవారు పెద్దవాళ్లు. కూర్మన్నపాలెం ఫ్లాటులో ఆ రెండు గంటలు పెద్దవాళ్లెవరూ లేరు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

చట్టం మాట ఎవరైనా ఎత్తుతారేమో, ముందే చెబుతున్నాను. బాలకార్మిక నిషేధ చట్టానికి 2016లో చేసిన సవరణ, బడి వేళల తర్వాతా సెలవుల్లోనూ పిల్లలు సొంత కుటుంబానికి సాయపడడాన్ని, ఆ పని ప్రమాదకరమైనది కానంతవరకు, అనుమతిస్తోంది. కనుక ఆ చట్టం ప్రకారం ఈ తల్లి చేసిన నేరమేమీ లేదు. అయితే 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు బడిని హక్కుగా ఇచ్చిన 2009 నాటి విద్యాహక్కు చట్టం ఉండి కూడా, చిన్నవాడికి జ్వరం తగిలితే ఆ రోజు బడి మానేది అక్కే తప్ప అన్నయ్య కాదన్న సంగతి, హాజరు పట్టీ రాసే మా వంటి వారికి బాగా తెలుసు. అలాంటి పిల్లల నోటు పుస్తకం తెరిస్తే మొదటి పేజీల్లో గుండ్రంగా ఉన్న రాత, ఇంటిపని రాసిన పేజీల్లో వాలిపోయి, గీత దాటిపోయి ఉంటుంది, ఎందుకంటే అది తొమ్మిది దాటాక, కళ్లు మూసుకుపోతుండగా రాసిన రాత. మీ అమ్మాయి నోటు పుస్తకాలు ఒకసారి ఆ దృష్టితో చూడండి.

ఇంకొక్క ప్రశ్న. పెద్దది అమ్మాయి కాకుండా అబ్బాయి అయి ఉంటే, తొమ్మిదేళ్ల వాడి చేతికి ఆ జావ గిన్నె ఇచ్చి ఉండేవారా?

పిల్లల వార్డు నర్సు:

మంచి చెడుల చర్చ మిగతావారికి వదిలేసి, వార్డులో పనిచేసే దానిగా నాకు తెలిసినంత వరకే రాస్తాను.

రెండేళ్ల పిల్లలకు ఒంటితో పోలిస్తే తల బరువు ఎక్కువ. బకెట్‌లోకి తొంగిచూసి తలకిందులుగా పడితే, అందులో జానెడు నీళ్లున్నా వాళ్లంతట వాళ్లు లేవలేరు. పైగా మునిగేటప్పుడు అరుపు, కేక ఏమీ వినిపించవు. మన ఊళ్లో కుళాయి నీళ్లు కొన్ని వేళల్లోనే వస్తాయి కనుక చాలా ఇళ్లలో బకెట్లు, బిందెలు, డ్రమ్ములు నిండి ఉంటాయి. పిల్లలు ఇంట్లో ఒంటరిగా ఉండే వేళ స్నానాల గది తలుపుకు వాళ్ల చేతికి అందనంత ఎత్తులో గడియ ఉండాలి, ఖాళీ బకెట్లు బోర్లించి ఉండాలి. వేరుశనగ గుళ్లు, వేయించిన శనగలు, కోయకుండా ఇచ్చిన ద్రాక్షపండు గొంతుకు అడ్డం పడతాయి. బొమ్మల్లోనూ రిమోట్లలోనూ ఉండే బొత్తాం బ్యాటరీ మరీ ప్రమాదం. అది అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. ఇక వాటర్ హీటర్ రాడ్డు ముట్టుకునే పని ఆ వయసు పిల్లకు ఏ పరిస్థితిలోనూ చెప్పకూడదు.

ఇవన్నీ పెద్దమ్మాయికి నేర్పవచ్చు కదా అంటారేమో. నేర్పవచ్చు. కానీ కవలల్లో ఒకడికి ముడ్డి కడుగుతుండగా రెండోవాడు ఏ గదిలో ఉన్నాడో తెలుసుకోవడం పెద్దవాళ్లకే సాధ్యం కాదు. ఎదురింటి వారు పిలిస్తే పలకడం వేరు, తలుపు తెరిచి అక్కడే కూర్చోవడం వేరు. నా మటుకు, ఇద్దరు రెండేళ్ల పిల్లల వద్ద పెద్ద మనిషి ఒకరు ఉండి తీరాలి. అమ్మాయికి 108 నంబరు, మీ ఇద్దరి ఫోను నంబర్లు కంఠస్థం వచ్చి ఉండడం మంచిదే, అయితే అది పెద్ద మనిషికి బదులు కాదు.

సీతమ్మధార ఉద్యోగి:

అందరూ ఒక్క ఇంటి తప్పొప్పులనే తూకం వేస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటు సంతానం 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 1.7గా తేలింది, జనాభా తగ్గకుండా ఉండడానికి 2.1 కావాలి. ఎక్కువ మందిని కనండి అని ముఖ్యమంత్రే బహిరంగంగా చెబుతున్నారు. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను తొలగించే బిల్లులను శాసనసభ 2024 నవంబరులో ఆమోదించింది. ఒకప్పుడు అమ్మఒడి పథకం కింద పిల్లలెందరున్నా తల్లికి ఒక్కరి లెక్కే వచ్చేది. 2025 జూన్‌లో మొదలైన ‘తల్లికి వందనం’ పథకం బడికి వెళ్లే ప్రతి బిడ్డకూ 15,000 రూపాయలు ఇస్తోంది, అందులో 2,000 బడి నిర్వహణకు పోను 13,000 తల్లి ఖాతాలో పడుతోంది.

ఇవన్నీ బాగానే ఉన్నాయి. సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు కవలలను ఎవరు చూడాలన్నది మాత్రం ఏ పథకంలోనూ లేదు. అంగన్‌వాడీలో పూర్వ ప్రాథమిక విద్య మూడేళ్లు నిండిన వారికి, అదీ ఉద్యోగస్తురాలు ఇల్లు చేరేవరకు ఉండదు. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ 50 మంది లేదా అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలంది. ఈమెది చిన్న కార్యాలయం. అదే సవరణ మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల సెలవు ఇచ్చి, ఇప్పటికే ఇద్దరు పిల్లలున్నవారికి 12 వారాలకే పరిమితం చేసింది. పిల్లల సంఖ్య పెరిగేకొద్దీ ఆసరా తగ్గితే, ఆ లోటు పూడ్చేది ఇంట్లో ఉన్న పెద్ద ఆడపిల్లే అవుతుంది. ఆ తల్లిని నిలదీసే ముందు ఇది కూడా ఆలోచించాలి.

పెందుర్తి ఉపాధ్యాయిని:

ఆలోచించవలసిందే. కానీ ప్రభుత్వం కేంద్రాలు తెరిచేసరికి ఆ అమ్మాయి ఇంటర్‌లో ఉంటుంది.

అక్కయ్యపాలెం పెద్దక్క:

ఐదుగురిలో నేను మొదటిదాన్ని. అమ్మమ్మగారు చెప్పినది నాకు తెలుసు, ఉపాధ్యాయినిగారు చెప్పినదీ తెలుసు, అయినా రెండింటిలోనూ నా అనుభవం పూర్తిగా ఇమడదు.

అన్నం కలిపి పెట్టడం, జడలు వేయడం, చెల్లెలి చేయి పట్టుకుని రోడ్డు దాటించడం, ఇవేవీ నాకు కష్టమనిపించలేదు. నిజం చెప్పాలంటే, కాస్త పెద్దరికంగా కూడా ఉండేది. ఈ రోజుకీ మా తమ్ముళ్లు ఏ నిర్ణయం తీసుకోవాలన్నా ముందు నాకు ఫోను చేస్తారు. నన్ను బాధపెట్టిన మాట ఒక్కటే ఉంది. మా చిన్న తమ్ముడు మేడ మెట్ల మీద జారి గడ్డం చిట్లినప్పుడు, వాడికి కట్టు కట్టకముందే మా నాన్నగారు నావైపు తిరిగి, “నువ్వుండగా వాడెలా పడ్డాడు?” అన్నారు. అప్పుడు నాకు పది దాటలేదు. ఆ తర్వాత ఆటలో ఉన్నా, చదువులో ఉన్నా ఒక చెవి వాళ్లవైపే పెట్టడం అలవాటైపోయింది. మా పిల్లలు పెద్దవాళ్లై హాస్టళ్లకు వెళ్లాక కూడా రాత్రిపూట చిన్న చప్పుడైతే లేచి కూర్చుంటాను.

కనుక నా అభిప్రాయం ఇది. పిల్లకు పని చెప్పవచ్చు, జవాబుదారీ మాత్రం మోపకూడదు. “జావ తాగించు” అనవచ్చు. “వాళ్లను చూస్తూ ఉండు” అనకూడదు, ఎందుకంటే మొదటిదానికి ఒక ముగింపు ఉంది, గిన్నె ఖాళీ కాగానే ఆ పిల్ల ఆడుకోవడానికి వెళ్లవచ్చు. రెండోదానికి ముగింపు లేదు. కూర్మన్నపాలెం తల్లిగారు ఇంటికి రాగానే మొదట అడిగే మాట ఏమిటో ఒకసారి గమనించుకోవాలి. “తమ్ముళ్లు ఏం చేశారు?” అని అడుగుతున్నారా, “నువ్వేం చేశావు?” అని అడుగుతున్నారా?

మర్రిపాలెం తండ్రి:

నేనూ షిఫ్టుల మనిషినే, కాబట్టి లెక్క అడుగుతున్నాను. ఇప్పటిదాకా అందరూ తల్లిని, పిల్లను, ప్రభుత్వాన్ని అన్నారు. ఆ పిల్లల తండ్రి సంగతి ఎవరూ ఎత్తలేదు.

‘ఏ’ (A) షిఫ్ట్ అంటే ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం రెండు. ఆ వారం మూడింటికల్లా ఆయన ఇంట్లో ఉంటారు. సీ షిఫ్ట్ రాత్రి పదింటికి మొదలవుతుంది. పొద్దున వచ్చి పడుకున్నా, సాయంత్రం నాలుగింటికి లేచి ఉండవలసిన మనిషే. మిగిలింది మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది వరకు ఉండే బీ షిఫ్ట్. అంటే మూడు వారాలకు ఒక వారమే ఇల్లు నిజంగా ఖాళీ. మరి ఆ పిల్ల మూడు వారాలూ జావ గిన్నె పట్టుకుని ఎందుకు తిరుగుతోంది?

కూర్మన్నపాలెం తల్లి:

మర్రిపాలెం వారి లెక్క సరైనదే. ఏ షిఫ్ట్ వారంలో ఆయన తెల్లవారుజామున నాలుగింటికి లేస్తారు గనుక ఇంటికి రాగానే పడుకుని, నేను వచ్చేదాకా లేవరు. సీ షిఫ్ట్‌లో నిద్ర సరిపోక చిరాగ్గా ఉంటారని పిల్లలను ఆ గదివైపు పోనివ్వం. ఈ చర్చ ఆయన చేత చదివించాను. ఏ షిఫ్ట్ వారం నాలుగు నుంచి ఆరు వరకు మెలకువగా ఉండి, నేను వచ్చాక పడుకోవడానికి ఒప్పుకున్నారు. సీ షిఫ్ట్ వారం గురించి ఇంకా వాదన నడుస్తోంది. గడియ మాత్రం నిన్ననే బిగించారు.

బీ షిఫ్ట్ వారానికి మా కింది అంతస్తులో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న అమ్మాయిని అడిగాను. సాయంత్రం ఖాళీయే, డబ్బులిస్తే వస్తానంది.

పెద్దమ్మాయికి ఈ మార్పులు చెప్పి, ఇకపై నువ్వేం చేయనక్కరలేదు అన్నాను. సంతోషిస్తుందనుకుంటే ముఖం మాడ్చుకుంది. కవలలకు జావ తాగించడం తనకు ఇష్టమేనట, చిన్నవాడు బెల్లం ఉండలు తగిలితే ఉమ్మేస్తాడని కొత్త అక్కకు తెలియదట. తమ్ముడికి ఎక్కాలు చెప్పడమే ప్రాణం మీదికి వస్తోందట. వాడు మూడో ఎక్కం దగ్గర కావాలనే తప్పులు చెబుతాడట. ఇప్పుడు ఎక్కాలు వాళ్ల నాన్నకు అప్పగించాం. నోటు పుస్తకాలు కూడా చూశాను. ఉపాధ్యాయినిగారు చెప్పినంత కాకపోయినా, ఇంటిపని రాతకూ బడి రాతకూ తేడా కనిపిస్తోంది.

పెదవాల్తేరు అమ్మమ్మ:

అంటే ఈ ఇంటి ఆడపిల్ల చేత వద్దు గానీ, కింది ఇంటి ఆడపిల్ల చేత డబ్బిచ్చి చేయించవచ్చన్నమాట. మీ బాబుకు ఆరేళ్లు వచ్చాయి కదా తల్లీ, ఆ ఇంట్లో వాడు చేసే పని ఏమిటో ఎవరూ చెప్పలేదు. కనీసం తమ్ముళ్ల బట్టలైనా వాడి చేత మడత పెట్టించండి.

పెందుర్తి ఉపాధ్యాయిని:

బాబు విషయంలో అమ్మమ్మగారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. కింది ఇంటి అమ్మాయి సంగతి అలా కాదు. ఆమె పెద్దది, ఆమెకు జీతం ఉంది, ఇష్టం లేకపోతే రేపటి నుంచి రాను అనగలదు. తొమ్మిదేళ్ల పిల్లకు ఆ మాట అనే వీలు లేదు.

పిల్లల వార్డు నర్సు:

ఆ అమ్మాయికి మొదటి రెండు మూడు రోజులు మీలో ఒకరు పక్కనే ఉండి చూపించండి. గొంతుకు ఏదైనా అడ్డం పడితే ఏం చేయాలో చేసి చూపించాలి, నోటితో చెబితే చాలదు.

కూర్మన్నపాలెం తల్లి:

అలాగేనండీ. ఈ శనివారం పిలిచాను. బట్టల మడతలు కూడా బాబుకు అప్పగించాను. అన్నీ ఉండలు చుట్టి పెడుతున్నాడు, చూద్దాం. ఇక మూడు వారాలకొకసారి, వారంలో ఐదారు రోజులు, రోజుకు రెండు గంటల చొప్పున వచ్చే మనిషికి గంటల లెక్కన ఇవ్వడం మంచిదా, ప్రతి నెలా ఇంత అని మాట్లాడుకోవడం మంచిదా? గాజువాక, కూర్మన్నపాలెం వైపు ఎవరైనా ఇలా పెట్టుకున్నవారుంటే ఎంత ఇస్తున్నారో చెప్పగలరా?